వేపచెట్టు కింద జర్మన్ బండి: నా అనుభవం

ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి మేం అరసవల్లి బయల్దేరతాం. మా ఆవిడకి సూర్యనారాయణమూర్తి మీద భక్తి. నాకు మా బండిలో ఉండే డీపీఎఫ్ అనే పొగ ఫిల్టరు మీద భయం. ఇద్దరి పనీ ఒకే ప్రయాణంలో అయిపోతుంది కాబట్టి మూడున్నరేళ్లుగా ఈ విషయంలో ఇంట్లో గొడవ లేదు. డీపీఎఫ్ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ బండి మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

విజయనగరంలో నాది టైల్స్, శానిటరీ సామాన్ల షాపు. ఇల్లు దాసన్నపేట వైపు, షాపు రింగు రోడ్డులో. మధ్యలో మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. స్కూటర్ చాలు. కానీ ఒకసారి మా కస్టమరు ఒకాయన, బిల్డరు, తన కారులో నన్ను వైజాగ్ తీసుకెళ్లాడు. ఎక్కి తలుపు వేశాను. పాతకాలం ఇనప్పెట్టె మూత పడినట్టు బరువుగా ఒక శబ్దం, ఆ వెంటనే బయట ఆటోల హారన్లన్నీ ఎక్కడో పక్క వీధిలోకి వెళ్లిపోయినట్టయింది. ఆ శబ్దం చెవిలో ఉండిపోయింది. అంతకు మించి నా దగ్గర కారణం లేదు.

కొత్తది 50 లక్షల పైమాట. ఏడేళ్లు తిరిగాక అదే మోడలు 13, 14 లక్షలకి వస్తోంది. కంపెనీ పేరు రాయను. నాలుగేళ్లలో నేను ఈ బండిని తిట్టిన తిట్లలో సగం నా తప్పులకి పడాల్సినవి, వాటికి కంపెనీ పేరు తగిలించడం న్యాయం కాదు. జర్మన్ కారు, 2014 మోడలు, రెండు లీటర్ల డీజిల్ ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. ఈ కథకి అది చాలు.

మొదట హైదరాబాద్‌లో ఒకటి చూశాను. వైజాగ్ ధరకంటే రెండు లక్షలు తక్కువ. అడ్వాన్సు పంపబోతుండగా షాపు పక్కన బీమా పనులు చూసే కుర్రాడు ఆపాడు. "లైఫ్ టాక్స్ లెక్క చూసుకున్నారా మావయ్యా?" అన్నాడు. తెలంగాణ బండిని మన దగ్గరికి మార్చుకోవాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. అది నేను కొన్న ధర మీద కాదు. బండి కొత్తగా షోరూంలోంచి దిగినప్పటి ఇన్వాయిసు ధర పట్టుకుని, వయసుకి తగ్గ శాతం వేస్తారు. 50 లక్షల బండికి ఆ శాతం ఎంత చిన్నదైనా నాకు మిగిలే రెండు లక్షలూ అందులో మునిగిపోయి, పైన ఇంకా కట్టాలి. చౌకగా దొరికిన పాత ఖరీదైన బండికి పన్ను మాత్రం ఖరీదైన బండిదే. ఆ కుర్రాడికి ఇప్పటికీ దసరాకి స్వీట్ బాక్సు పంపుతుంటాను.

దాంతో ఆంధ్రా నంబరు బండే చూడాలని తీర్మానించుకుని వైజాగ్‌లో వెతికాను. ఏపీ 31 నంబరుతో ఒకటి దొరికింది. 74 వేల కిలోమీటర్లు, ఒకే యజమాని, ఇల్లు బీచ్ రోడ్డుకి రెండు వీధుల వెనక. నాతో పాటు మా మెకానిక్ మేస్త్రిని తీసుకెళ్లాను. మేస్త్రి గురించి ఒక్క మాట. ఆయనది శ్రీకాకుళం జిల్లా, తొమ్మిదేళ్లు షార్జాలో గ్యారేజీలో పనిచేసి వచ్చి, ఊరి బయట రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డులో ఒక ర్యాంపు, ఒక లాప్‌టాపు, కంప్యూటర్ స్కానరు. జర్మన్ బళ్లు షార్జాలో వందల్లో విప్పాడు. ఆయన దొరక్కపోయి ఉంటే ఈ కారు నా దగ్గర ఆరు నెలలు కూడా ఉండేది కాదు.

యజమాని ఇంజను స్టార్ట్ చేసి చూపించబోతుంటే మేస్త్రి వద్దన్నాడు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉందా లేదా అని. మనం వచ్చేముందే వేడి చేసి పెడితే పొద్దున్నే స్టార్టింగులో వచ్చే శబ్దాలు దొరకవు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఇంజను గురించి కాదు.

"హుద్‌హుద్ నాడు ఈ బండి ఎక్కడుంది సారూ?"

2014 అక్టోబరు 12న ఆ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఉన్నవాడెవడూ ఆ ప్రశ్నకి తడుముకోడు. చెట్లు కూలి నలిగిపోయిన కార్లు, సెల్లార్ల నీళ్లలో నిలబడిన కార్లు ఎన్నో. బండి తాను కొన్నది ఆ ఏడాది డిసెంబరులోనని ఆయన కాగితం చూపించాడు. అయినా మేస్త్రి వదల్లేదు. ముందు సీటు బెల్టు చివరంటా బయటకి లాగాడు. నీళ్లలో మునిగిన బండికి బెల్టు లోపలి భాగంలో మట్టి చార ఉంటుంది, బయట ఎంత కడిగినా అక్కడిదాకా ఎవరూ కడగరట. సీటు కింద పట్టాలకి తుప్పుందా అని టార్చి వేశాడు. డిక్కీలో కార్పెట్ ఎత్తి మూలల్లో వేలు పెట్టి తడిమి, ఆ వేలు వాసన చూశాడు. 2020 అక్టోబరులో వరదలొచ్చాక హైదరాబాద్ బళ్లకీ ఈ పరీక్ష తప్పనిసరి అయిపోయిందని తర్వాత చెప్పాడు.

మునగలేదు. కానీ సముద్రం వేరే దారిలో వచ్చింది. ర్యాంపు మీదకి ఎక్కించి కింద చూస్తే సైలెన్సరు క్లాంపులు, బోల్టుల తలలు, ముందు ఏసీ కండెన్సరు రెక్కలు ఉప్పుగాలికి తెల్లబారి పొరలు లేస్తున్నాయి. పైన రంగు అద్దంలా మెరుస్తోంది, అడుగున ఆ పరిస్థితి. బ్రేకు పైపులు మాత్రం బావున్నాయి. దీన్ని పట్టుకుని బేరం మొదలైంది. 14,75,000 దగ్గర ఉన్నాయన రెండు గంటల తర్వాత 13,40,000కి దిగాడు. అంతా అయ్యాక రెండో తాళం అడిగితే "ఎక్కడో పెట్టాను, కనబడటం లేదు, దానికి అయిదు వేలు తగ్గించుకోండి" అన్నాడు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అంటే ఇదే. నేను సరే అనబోయాను. మేస్త్రి నా చెయ్యి నొక్కాడు. ఇలాంటి బండికి తాళం అంటే తాళంచెవి కాదు, బండి కంప్యూటరుతో జత కట్టిన చిన్న రేడియో, కొత్తది చేయించాలంటే అయిదు వేలకి కాదు కదా దాని పదింతలకి కూడా గ్యారంటీ లేదు. రెండో తాళం దొరికాకే వస్తాం అని లేచాం. పావుగంటలో ఫ్రిజ్ మీద ఉన్న బుట్టలో దొరికింది.

కాగితాల పని తేలిగ్గానే అయింది. లోను తీరిపోయిన బ్యాంకు లెటరు, ఫారం 35, అమ్మకానికి 29, 30. పాత చలాన్లు నాలుగుంటే ఆయన చేతే కట్టించాను. అదే రాష్ట్రం కాబట్టి నంబరు మారలేదు.

బండి వీధిలోకి రాగానే మా నాన్నగారు అరుగు మీద నుంచి లేచి వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఆయనకి ఎనభై రెండు. "స్టెపినీ ఏదిరా?" అన్నారు. లేదు. రన్‌ఫ్లాట్ టైర్లు, గాలి పోయినా పక్కగోడ గట్టిగా ఉంటుంది కాబట్టి 80 స్పీడు దాటకుండా 80 కిలోమీటర్లు పోవచ్చు, అందుకే కంపెనీ వాడు స్పేరు చక్రం ఇవ్వలేదు అని చెప్పాను. "ఆ ఎనభై కిలోమీటర్లలో దాన్ని విప్పగలిగేవాడు ఉంటాడా?" అన్నారు. అప్పుడు నవ్వేశాను. ఏడాది తర్వాత గజపతినగరం దాటాక మేకు దిగితే, పంక్చరు షాపతను రెండు ఇనప రాడ్లతో ముప్పావుగంట కుస్తీ పట్టి, చెమట తుడుచుకుని "ఇది టైరు కాదండీ బాబూ, బండరాయి" అని చేతులెత్తేశాడు. నెమ్మదిగా విజయనగరం వచ్చి మిషను ఉన్న షాపులో విప్పించాను. వీల్ అంచు మీద అతని రాడ్డు గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక చుట్టాలు. ఈ సంగతి బండి అమ్మినాయన చెప్పలేదు. శ్రావణం రాగానే ఫోన్లు మొదలయ్యాయి. "బావా, మా వాడి పెళ్లి, ఒక్క పూట ఊరేగింపుకి." కాదంటే డబ్బు మదం అంటారు. మూడు పెళ్లిళ్లకి ఇచ్చాను. మూడోదానికి చీపురుపల్లి దగ్గర పూలు కట్టినవాళ్లు బానెట్ మీద సెల్లో టేపు అడ్డదిడ్డంగా అతికించి, రాత్రంతా ఉంచి, మర్నాడు ఎండలో పీకారు. టేపుతో పాటు పైన పాలిష్ పొర లేచొచ్చింది, చామంతుల పసుపు మరక ఉండనే ఉంది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బండి ఇస్తాను, కానీ డ్రైవరుగా నేనే వస్తాను, టేపు లేకుండా దారంతో కట్టాలి. దీంతో అడిగేవాళ్లు సగం తగ్గారు. మిగతా సగం పెళ్లిళ్లలో నాకు భోజనం బావుంటోంది.

ఇప్పుడు డీపీఎఫ్. కొన్న ఆరు నెలలకి, 2022 వేసవిలో, మీటరులో ఒక పసుపు దీపం వెలిగింది. బండి లాగడం లేదు. డీజిల్ పొగలో ఉండే మసిని పట్టుకోవడానికి సైలెన్సరు దారిలో తేనెపట్టు లాంటి ఒక పింగాణీ ఫిల్టరు ఉంటుంది. అదే డీపీఎఫ్. మసి నిండాక బండే దాన్ని కాల్చి శుభ్రం చేసుకుంటుంది. కొంచెం డీజిల్ ఎక్కువ వదిలి, పొగ వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి, మసిని కాల్చేస్తుంది. అయితే దీనికి ఇంజను బాగా వేడెక్కాలి, ఆగకుండా ఇరవై నిమిషాలు, అరగంట హైవే మీద నడవాలి. నేనేం చేస్తున్నాను? ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి. మధ్యలో కోట జంక్షన్ దగ్గర టీ. బండి ప్రతిసారీ కాల్చుకోవడం మొదలుపెడుతుంది, నేను ప్రతిసారీ ఇంటి ముందు ఆపేస్తాను. సగంలో ఆగితే ఆ ఎక్కువ డీజిల్ కాలకుండా కిందికి కారి ఇంజనాయిల్లో కలుస్తుంది. మేస్త్రి డిప్‌స్టిక్ కాదు, స్కానరులో ఆయిల్ మట్టం చూపించాడు. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగింది!

"సారూ, ఈ బండికి రోగం లేదు. మీరు దాన్ని గొలుసేసి కట్టీసారు. వారానికోసారి హైవే మీదకి వదలండి, అదే బాగైపోతాది."

ఎక్కడికి వదలను? విజయనగరం మీదుగా 16వ నంబరు హైవే పోదు, నాతవలస దాకా వెళ్లి ఎక్కాలి. అక్కడ ఒకవైపు వైజాగ్, ఆనందపురం దాటితే ట్రాఫిక్. రెండోవైపు పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం. పొద్దున్నే అయితే దారి ఖాళీ. ఇంటికీ గుడికీ మధ్య సుమారు 70 కిలోమీటర్లు. ఆదివారం ఆదిత్యుడి రోజు. "ఈ వారం నుంచి అరసవల్లి వెళదామా?" అని నేనే అడిగేసరికి మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నిజం చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. చెప్పాక కూడా ఆవిడ ఏమీ అనుకోలేదు. "ఆయన పని కూడా అదేగా, కాల్చి శుభ్రం చెయ్యడం" అంది.

రణస్థలం దాటేసరికి తెలుస్తుంది, కాలుతోందని. లీటరుకి మైలేజీ చూపించే ముల్లు ఉన్నట్టుండి పడిపోతుంది, ఇంజను మోత కొద్దిగా బొంగురుపోతుంది. అప్పుడు ఫోన్ వచ్చినా ఆపను, టీ అంటే ఆపను. నాగావళి వంతెన ఎక్కేలోపు పని పూర్తయిపోతే దర్శనం ప్రశాంతంగా జరుగుతుంది. ఆ తర్వాత మళ్లీ ఆ దీపం వెలగలేదు. షాపుకి మాత్రం స్కూటర్ మీదే వెళుతున్నాను. లక్షలు పోసి కారు కొన్నవాడు స్కూటర్ మీద తిరుగుతున్నాడేంటని రింగు రోడ్డులో అందరికీ అనుమానం. వివరించడం మానేశాను.

నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. మా ఇంటి ముందు పెద్ద వేపచెట్టు. నీడ బావుంటుందని బండి దాని కిందే పెట్టేవాణ్ని. 2023 వానాకాలం, ఒక రాత్రి కుండపోత. పొద్దున్నే తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన. ముందు ఎడమవైపు కాలు పెట్టే చోట కార్పెట్ నొక్కితే బుగబుగమని నీళ్లు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. పైన సన్‌రూఫ్ కూడా గట్టిగానే మూసి ఉంది. నీళ్లు ఎక్కడివి?

మేస్త్రి వచ్చి సన్‌రూఫ్ తెరిచి అంచున వేలు పెట్టి చూపించాడు. నాకప్పటిదాకా తెలియని సంగతి ఏమిటంటే, సన్‌రూఫ్ రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపదు, ఆపడానికి కాదు అది. దాటి వచ్చిన నీళ్లు చుట్టూ ఉన్న చిన్న కాలవలో పడి, నాలుగు మూలల్లో ఉన్న పెన్సిలంత గొట్టాల్లోంచి, స్తంభాల లోపలగా కిందికి దిగి రోడ్డు మీద పడతాయి. డాబా మీద వాననీటి గొట్టాలు ఎలాగో అలాగే. నేను జీవితమంతా ఆ గొట్టాలే అమ్ముతున్నాను! ఆ కాలవ నిండా చైత్రంలో రాలిన వేపపూత, దుమ్ముతో కలిసి, ఉగాది పచ్చడి అడుగున మిగిలినట్టు ముద్దకట్టి ఉంది. ముందు రెండు గొట్టాల నోళ్లూ మూసుకుపోయాయి. నీళ్లకి దారి లేక లోపలికి దిగాయి.

కంప్రెసరు గాలి కొట్టేద్దాం అన్నాను. వద్దన్నాడు, గాలి ఒత్తిడికి గొట్టం లోపలెక్కడో కీలు దగ్గర ఊడిపోతే డాష్‌బోర్డంతా విప్పాలి. గడ్డి కోసే మిషనుకి వాడే నైలాన్ తీగ తెచ్చి, కొసని లైటరుతో కాల్చి గుండ్రం చేసి, అంగుళం అంగుళం తోశాడు. కొంచెం తోయడం, తిప్పడం, వెనక్కి లాగి గుడ్డతో తుడవడం. గంటన్నర పట్టింది. చివర్లో ముందు చక్రం పక్కనుంచి నల్లటి నీళ్లు ఒక్కసారిగా దిగిపోయాయి. అప్పుడు పైనుంచి చెంబుతో నీళ్లు పోసి, కింద ఎన్ని సెకన్లలో వస్తున్నాయో లెక్కపెట్టాం. సీట్లు విప్పి కార్పెట్ లేపి రెండు రోజులు టేబుల్ ఫ్యాన్లు పెట్టాను, ఎందుకంటే ఆ కార్పెట్ కింద వైర్ల కట్టలున్నాయి, అవి పచ్చబారితే వచ్చే కష్టాలకి అంతుండదు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, ఉగాది వెళ్లాక ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి, నేనే ఆ తీగ పట్టుకుంటాను. చెట్టు కొట్టించెయ్యమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. బండి కంటే చెట్టు పెద్దది, ముందొచ్చింది. రేకుల షెడ్డు వేయించాను.

షెడ్డు వేశాక ఎలకలొచ్చాయి. బయట వానొస్తుంటే వెచ్చగా ఉన్న ఇంజను కంటే వాటికి మంచి ఇల్లు ఎక్కడుంటుంది? పైగా కోతల రోజుల్లో వీధి చివరే ధాన్యం కుప్పలు. ఒకరోజు నుంచి బండి అప్పుడప్పుడూ నీరసపడడం మొదలైంది. హైవే మీద వెళుతూ వెళుతూ ఒక్కసారి లాగడం మానేస్తుంది. ఆపి, తాళం తీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే బావుంటుంది. మా మేస్త్రి అప్పుడు కూతురి కాన్పుకి ఊరెళ్లాడు. గత్యంతరం లేక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను, ఏ ఊరిలో ఏదని చెప్పను. మూడు రోజులు ఉంచుకుని వైరింగు సెట్టు మొత్తం మార్చాలన్నారు. 1,85,000, సామాను రావడానికి మూడు వారాలు. ఆలోచించి చెబుతానని బండి తెచ్చేసుకున్నాను.

ఆ వారమే సాలూరులో పెళ్లి. సాలూరంటే లారీలు. ఊళ్లోకి వెళుతుంటే రోడ్డుకి రెండువైపులా లారీలు, లారీ బాడీ షెడ్లు, వెల్డింగు మెరుపులు. సరిగ్గా ఆ షెడ్ల మధ్యే బండి నీరసపడింది. పక్కకి తీసి ఆపితే, చెక్క స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న ఒక పెద్దాయన, లారీ ఎలక్ట్రీషియను, లేచి వచ్చాడు.

"ఏటైనాది బాబూ?"

"పెద్ద కారండీ, కంప్యూటరుంటే గాని తెలీదు."

"కంప్యూటరుకి తెలిస్తే మీరిక్కడ ఎందుకాగిపోతారు? బానెట్టు ఎత్తండి."

కళ్లజోడు మార్చుకుని చూశాడు. ఏమీ విప్పలేదు. ఇంజను నడుస్తుండగా ఒక కర్రముక్కతో వైర్ల కట్టల్ని ఒక్కొక్కటీ మెల్లగా కదిలించాడు. నాలుగో కట్ట కదిలించగానే ఇంజను మోత మారింది. మళ్లీ కదిలించాడు, మళ్లీ మారింది. టర్బో గాలి ఒత్తిడి కొలిచే సెన్సరుకి వెళ్లే సన్నటి వైరు. పైన తొడుగు చూడటానికి బానే ఉంది, అడుగువైపు ఎలక కొరికి రాగి బయటపడి, రెండు పోగులు మాత్రం మిగిలాయి. కుదుపుకి అవి విడిపోతే బండి కంప్యూటరు భయపడి శక్తి తగ్గించేస్తోంది. "మావి ఇరవై నాలుగు వోల్టులు, మీది పన్నెండు. ఎలక్కి రెండూ ఒకటే" అంటూ తెగిన చోట కొత్త ముక్క అతికి, సోల్డరింగు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగి, పైన నల్ల గుడ్డ టేపు చుట్టాడు. నాలుగు వందలడిగాడు. వెయ్యి ఇస్తే ఆరు వందలు తిరిగిచ్చి, రెండు పొగాకు కాడలు పొట్లం కట్టిచ్చాడు. "ఇంజను దగ్గర కట్టండి. ఆ ఘాటుకి రావు."

రెండేళ్లయింది, ఆ అతుకు అలాగే ఉంది. పొగాకు నెలనెలా మారుస్తున్నాను, షెడ్డు కింద ఇనప జల్లెడ కూడా కొట్టించాను. రెండిట్లో ఏది పనిచేస్తోందో ఎలకలకే తెలియాలి.

సామాన్ల సంగతి. మొదటి ఏడాది ఏది కావాలన్నా కంపెనీ పెట్టెలోదే కొన్నాను, భయంతో. తర్వాత మేస్త్రి ఒక సస్పెన్షన్ ఆర్మ్, అంటే చక్రాన్ని బండికి కలిపే చెయ్యి, తెప్పించి నా చేతిలో పెట్టాడు. సగం ధరకి చాలా దగ్గర. పాతదాని పక్కన పెట్టి చూస్తే అచ్చు అదే, అదే పోత, అవే అంకెలు. ఒక్కచోట మాత్రం గ్రైండరుతో గీకేసిన మచ్చ ఉంది. కారు కంపెనీ గుర్తు ఉండాల్సిన చోటు అది. తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటే. కారు కంపెనీకి ఇచ్చేదాని మీద గుర్తు ఉంటుంది, సొంత పెట్టెలో అమ్ముకునేదాని మీద గుర్తు చెరిపేస్తారు. ఆ మచ్చ ఖరీదు ఎనిమిది వేలు. అయితే ఇదే ధైర్యంతో ఊరూపేరూ లేని సామాను వేస్తే మళ్లీ విప్పాల్సిందే. ఒకసారి అలాంటి కూలెంట్ ట్యాంకు వేసి, ఆనందపురం దగ్గర పొగలు కక్కుతున్న బండి పక్కన గంటన్నర నిలబడ్డాను. ఇంజను చల్లారేదాకా మూత ముట్టుకోకూడదని ఆ గంటన్నరలో ఎంతమందికి చెప్పానో. ఆగిన ప్రతి వాడూ మూత తియ్యబోయేవాడే.

గేర్‌బాక్సు ఆయిలు దగ్గర ఒక తమాషా. బండి పుస్తకంలో దాన్ని మార్చాలని ఎక్కడా లేదు, జీవితకాలం సరిపోతుందట. గేరుబాక్సు తయారుచేసే జడ్‌ఎఫ్ వాళ్లు మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటారు. "జీవితకాలం అంటే ఎవరి జీవితం సారూ, వారంటీదా, బండిదా?" అన్నాడు మేస్త్రి. కింద ఉండే ప్లాస్టిక్ తొట్టిలోనే ఫిల్టరు కలిసి ఉంటుంది కాబట్టి తొట్టి మొత్తం మార్చాలి, ఇంజను నడుస్తుండగా ఆయిలు వేడి చూసుకుంటూ నింపాలి. పాత ఆయిలు గ్లాసులో పట్టి చూపించాడు. మా నాన్నగారి కషాయం రంగు. మార్చాక గేర్లు పడుతున్నట్టే తెలియడం లేదు.

స్పీడ్ బ్రేకర్ల గురించి రాయకపోతే ఈ బండి క్షమించదు. దీని కడుపు నేలకి 14 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రోడ్ల ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో వాలుగా ఉండాలి. మా సొంతూరు గుర్ల మండలంలో. దారిలో ఊరివాళ్లు సొంతంగా పోసుకున్నవి తొమ్మిది ఉన్నాయి, ఒక్కోటీ గట్టు మీద గట్టు వేసినట్టు. పిల్లల్ని కాపాడుకోవడానికి పోసుకున్నారు, తప్పనలేను. ఆ తొమ్మిది చోట్లా బండిని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటిస్తాను. వెనక కూర్చున్నవాళ్లని దింపేస్తాను. మా నాన్నగారు దిగి నడుచుకుంటూ ముందుకెళ్లి నిలబడతారు. "నడిచొచ్చుంటే ఈపాటికి ఊళ్లో ఉందును" అనడం ఆయనకి అలవాటైపోయింది.

వ్యాపారస్థుణ్ని కాబట్టి పద్దు రాస్తాను. డీజిలు, బీమా కాకుండా మొదటి ఏడాది 1,86,000. రెండో ఏడాది 94 వేలు. మూడో ఏడాది టైర్లు, గేరుబాక్సు ఆయిలు, సస్పెన్షను ఒకేసారి వచ్చి 2,31,000. నాలుగో ఏడాది 78 వేలు. నాలుగేళ్లకి 5,89,000, తిరిగింది 41 వేల కిలోమీటర్లు. కిలోమీటరుకి 14 రూపాయల పైన పడింది. డీజిలు కిలోమీటరుకి ఏడు రూపాయలు. అంటే నేను తాగించేదానికి రెట్టింపు వైద్యానికి పెడుతున్నాను. బీమాలో థర్డ్ పార్టీ భాగం (మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి కట్టేది) మాత్రం 2022 రేటు ప్రకారం 7,897, 1500 సీసీ దాటిన డీజిల్ ఇన్నోవాకీ అంతే, అక్కడొక్కచోటే ఇది పెద్ద బండి కాదు. వయసు చూసి జీరో డిప్రీసియేషన్, అంటే సామాను పాతబడిందని కోత పెట్టని బీమా, కుదరదన్నారు. బంపరు పగిలితే ప్లాస్టిక్ కాబట్టి సగం నా జేబులోంచే.

మొన్న ఒక బ్రోకరు వచ్చి ఏడున్నర లక్షలకి అడిగాడు. పద్దు పుస్తకం మూసేసి, తలుపు ఒకసారి వేసి చూడమన్నాను. వేశాడు. మళ్లీ తీసి, మళ్లీ వేశాడు. "ఎనిమిదికి ఇస్తారా?" అన్నాడు. మా ఆవిడ లోపల్నుంచే "ఆదివారాలు ఎలా వెళతాం మరి?" అంది. బేరం అక్కడ ఆగిపోయింది.

ఈసారి రథసప్తమి ఆదివారమే వచ్చింది. అరసవల్లికి ఆ రోజు రాష్ట్రమంతా వస్తుంది, ఊరి బయటే బళ్లు ఆపేస్తారు, అర్ధరాత్రి నుంచే క్యూ. జనంలో గంటల తరబడి మొదటి గేరులో పాకితే కాలాల్సింది కాలదు, పైగా ఇంకా నిండుతుంది. శనివారం సాయంత్రం మేస్త్రి స్కానరు పెట్టి చూస్తే డీపీఎఫ్ ముప్పాతిక నిండి ఉంది. వాకిట్లో చిక్కుడాకులు, జిల్లేడాకులు సిద్ధం చేసుకుంటున్న మా ఆవిడతో, స్వామికి సోమవారం దణ్ణం పెట్టుకుందాం, రేపు పొద్దున్నే భోగాపురం వైపు ఒక తిరుగు తిరిగొద్దాం అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "మీరూ మీ బండీ భోగాపురం వెళ్లండి, నేను బస్సులో అరసవల్లి వెళతాను" అంది.